టవరోళ్ళకు జాగ ఊడ్చిచ్చిన

చాయ్ పట్టుకోండ్రి, చెప్త. గని నడిమిట్ల నవ్వితే ఆడికే ఆపేస్త, ముందే చెప్తున్న. పోయిన నెల మా గల్లీకి సెల్ టవర్ రాకుండ ఆపాలని అందరికంటె ముందు ఎగిరిందెవరో తెలుసా? నేను. ఆ టవరోళ్ళకు జాగ ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గేసి అప్పజెప్పిందెవరో తెలుసా? గది గూడ నేనే!

అగో, అప్పుడే నవ్వుతున్నరు. ఆగుండ్రి, మొదటికెల్లి చెప్పనియ్యుండ్రి.

మీరు నాగర్‌కర్నూలోళ్ళు, మా గద్వాల గల్లీ సంగతి మీకు జర చెప్పాలె. మా గల్లీల పదకొండు మగ్గాలున్నయ్. నేను మాత్రం నేసెటోణ్ణి కాదు. మా నాయిన చిన్నప్పుడు మగ్గం మీద కూసోబెట్టిండు గని, నెల రోజులల్ల నేనూ మగ్గమూ ఒకరినొకరం ఇడిసిపెట్టినం. ఇప్పుడు మున్సిపాలిటీ ఆఫీసు కాడ జిరాక్స్ దుకాణం నడిపిస్తున్న. అర్జీలు రాస్త, ఫారాలు నింపుత. గల్లీల ఎవరింటికి ఏ కాయితమొచ్చినా "నర్సిములుకు చూపెట్టుండ్రి" అంటరు. గందుకే నాకు జర ఎక్కువైంది, అబద్ధమెందుకు!

ఇగ పడుగు సంగతి. చీరెల పొడుగుకు పోయే దారాలను పడుగంటరు. మగ్గానికి ఎక్కించే ముందు ఆ దారాలన్నిటిని పొద్దుగాల గల్లీల బారుగ సాపి, గంజి పట్టించి, కుంచెతోటి దువ్వి, ఎండకు ఆరబెడ్తరు. నాలుగు చీరెల దారం ఒక్కసారే సాపాలె. ఎంత పొడుగుంటదో మీరే ఆలోచించుండ్రి. మా గల్లీ దానికి చాలది. సగం పడుగు గల్లీల ఉంటది, మిగిలిన సగం గల్లీ కొసకున్న కిష్టయ్య జాగలకు పోతది. ఆ జాగల భూమిల పాతిన ఒక బండుంది, బండ నడుమ బొక్క. ఆ బొక్కల కట్టె దిగ్గొట్టి పడుగు కొస దానికి కడ్తరు. మా తాతలనాటి నుంచి గదే పద్ధతి.

కిష్టయ్య మంచోడే. వనపర్తిల హోటల్ పెట్టుకొని ఆడ్నే ఉంటడు. ఏడాదికోసారి కూడ ఇటు రాడు. జాగ ఉత్తగనే పడి ఉందనుకున్నడు పాపం, టవర్ కంపెనీవాళ్ళు అడిగితే సరే అన్నడు. ఒకరోజు పొద్దున చూస్తే గల్లీ మొదట్ల గోడకు మున్సిపాలిటీ కాయితం అతికిచ్చి ఉంది. ఈ జాగల సెల్ టవర్‌కు దరఖాస్తు వచ్చింది, అభ్యంతరాలుంటే రెండు వారాలల్ల రాసియ్యుండ్రి అని.

నేనే చదివి వినిపిచ్చిన. అందరు నోర్లు తెరిచి నిలబడ్డరు. మా మాణెమ్మ పెద్దమ్మ ఒక్కతే మాట్లాడింది. మా నాయిన అన్న భార్య ఆమె. డెబ్బై దాటినయ్, ఇప్పటికీ గల్లీల ఎవరి పడుగైనా ఆమె చెయ్యి పడకుండ మగ్గమెక్కదు.

"టవరొస్తె చుట్టూ కంచె ఏస్తర్రా?" అని అడిగింది.

"ఏస్తరు పెద్దమ్మా. జనరేటర్‌కు రూము గూడ కడ్తరు."

"మరి పడుగు యాడ సాపాలె? పడుగు లేకపోతె మగ్గం ఉత్త కట్టెనే గదరా!"

గంతే. ఒక్క మాటల మొత్తం తేల్చి చెప్పింది. గదే ముక్క కాయితం మీద రాసి ఇచ్చుంటే ఆ దినమే సగం పనైపోతుండె. గని నేనెందుకు రాస్త? నేను నర్సిములును గదా!

ఫోన్ల వాట్సాప్ తెరిచిన. రేడియేషన్ మీద ఏమేం వచ్చినయో అన్నీ ఏరిన. తలనొప్పి, నిద్ర పట్టకపోవుడు, పిచ్చుకలు కనబడకపోవుడు, తేనెటీగలు దారి తప్పుడు, ఎవరో పంపిన ఏనుగు ముచ్చట గూడ ఒకటి. మొత్తం పన్నెండు పేజీలు టైపు చేసిన. ముంగట రంగు కవరు, పక్కకు స్పైరల్ బైండింగ్. దుకాణం నాదే, ఆపేటోడెవడు? గల్లీల అందరితోని సంతకాలు తీసుకున్న. చివరి లైన్ల ఏం రాసిన్నో తెలుసా? గద్వాల పట్టణంలనే ఏ టవర్ ఉండొద్దని! రాసి, దాన్ని నా ఫోన్ల ఫొటో తీసి, మా గల్లీ గ్రూపుల పెట్టిన. అది పోయేటందుకు సిగ్నల్ లేక డాబా ఎక్కిన. అప్పుడన్న నాకు సిగ్గు రాలె.

కాయితం పట్టుకొని మున్సిపాలిటీల ప్లానింగ్ చూసే మేడం కాడికి పోయిన. కొత్తగ వచ్చింది. ముప్పై ఏండ్లుంటయేమో. బల్ల మీద ఫైళ్ళు గోడలెక్క పేర్చి ఉన్నయ్. ఇగ చూస్కోండ్రి, ఆమె నా పన్నెండు పేజీలు మొదటి నుంచి చివరి దాంక చదివింది! నేను రాసింది నేనే మల్ల చదువుకోలె. మధ్యల రెండు ఫోన్లొచ్చినయ్, మాట్లాడి, ఆపిన లైను మీద వేలు పెట్టి మల్ల ఆడికెల్లే చదివింది. నాకైతే అప్పుడే ఆమె మీద గౌరవం పుట్టింది.

చదివి, అర్జీ మూసి, నిమ్మలంగ చెప్పింది. "రేడియేషన్ చూసేటోళ్ళు వేరే ఉన్నరండి, అది నా చేతిల లేదు. నా చేతిల ఉన్నది జాగ ఒక్కటే. అది నిజంగ ఖాళీ జాగేనా, టవరొస్తే ఎవరి పనికన్న అడ్డమా, నేను చూసేది అదే."

"ఖాళీ యాడిది మేడం! పొద్దుగాలైతే ఆడ పడుగులు సాపుతరు గదా" అన్న, ఏదో పక్క ముచ్చట చెప్పినట్టు.

ఆమె పెన్ను ఆపింది. "పడుగులా? మగ్గాలవా? ఇది ఏ పేజీల ఉంది?"

నేను పేజీలు తిరగేసిన. ముందటికి, వెనకకు. "ఏ పేజీల లేదు మేడం."

"పిచ్చుకలకు రెండు పేజీలిచ్చిండ్రు" అన్నది. నవ్వలె. నవ్వితే బాగుండు అనిపిచ్చింది.

ఆమెనే ఒక తెల్ల కాయితమిచ్చి, పడుగు సంగతి నాలుగు లైన్లల్ల రాయిచ్చుకున్నది. "గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి నేనే చూస్త. నాకోసమని ఏం చేయకండి. రోజూ ఎట్లుంటదో అట్లనే ఉండనియ్యండి" అన్నది.

ఇప్పుడు మీరే చెప్పుండ్రి. చుట్టం ఫోన్ చేసి "ఏం వండకు వదినా, ఉట్టిగ వచ్చి చూసి పోత" అంటదనుకోండ్రి. మీరు నిజంగ పొయ్యి ముట్టియ్యకుండ కూసుంటరా? కోడి కోస్తరా కోయరా? మా దిక్కు "ఏం వద్దు" అంటే రెండింతలు చేయాలె అని అర్థం. ఆఫీసర్ మేడం మొదటిసారి మా గల్లీల కాలు పెడ్తున్నది. ఆమె "అట్లనే ఉండనియ్యండి" అంటే పెద్దమనసుతోని అన్నదనుకున్న.

బుధవారం దుకాణం మూసేసిన. పొద్దుగాల్నే మల్దకల్ గుడికి పోయి స్వామికి మొక్కొచ్చిన, టవర్ ఆగాలె అని. వచ్చి గల్లీ మీద పడ్డ. గోడలకు ఆనిచ్చిన పడుగు కట్టెలన్నీ తీసి మా ఇంటెనక దొడ్లె ఏయిచ్చిన. తాళ్ళు, కుంచెలు, గంజి తొట్లు ఎవరింట్ల వాళ్ళను దాసిపెట్టుకొమ్మన్న. కిష్టయ్య జాగల గడ్డి పీకిచ్చిన, రాళ్ళేరిచ్చిన. బండ నడుమ ఆ బొక్క ఉన్నది చూడు, మేడం కాలు పడితే మడమ మడతపడ్తది గదా! దాన్ని మన్నుతోని నింపి, గట్టిగ తొక్కి, పైన ఆవుపేడతోని అలికిచ్చిన. ఆ అలుకు మీద నా భార్య సుజాతతోని ఇంత పెద్ద చుక్కల ముగ్గేయిచ్చిన.

సుజాత ముగ్గు పిండి చేతిల పట్టుకొని అడిగింది గూడ. "ఏమయ్యా, అట్లనే ఉండనియ్యమన్నది గదా ఆమె?"

"నీకు తెల్వదు, ఆఫీసర్లు గట్లనే అంటరు" అన్న.

పెద్దమ్మ వచ్చింది. "రేపు మా ఇంటి పడుగున్నదిరా. గంజికి బియ్యం నానబోసిన."

"ఒక్కరోజు ఆపు పెద్దమ్మా. మేడం చెప్పులకు గంజంటుకుంటే ఏం బాగుంటది? ఇయ్యాల రేపు గల్లీల పడుగులు బంద్!"

ఆమె నా దిక్కు చూసింది, జాగ దిక్కు చూసింది, ముగ్గు దిక్కు చూసింది. "సదువుకున్నోడివి, నీ ఇష్టం" అని ఇంట్లకు పోయింది. గిప్పుడు అర్థమైతుంది, గది ఒప్పుకునుడు కాదు.

గురువారమొచ్చింది. జాగల చిన్న షామియానా, పది కుర్చీలు, బల్ల మీద బిస్కెట్లు, కూల్ డ్రింకులు. నేను ఇస్త్రీ అంగీ ఏసుకొని గల్లీ మొదట్ల నిలబడ్డ. మేడం స్కూటీ మీద వచ్చింది, ఎనక బండి మీద టేపు పట్టుకొని ఆఫీసాయన ఒకాయన. వాళ్ళ ఎంబడే టవర్ కంపెనీ ఆయన. ఇరవై ఆరేండ్లుంటయ్, చంకల డ్రాయింగ్ ఫైలు, మస్తు మర్యాదస్తుడు.

మేడం గల్లీ మొదట్ల ఆగింది. ఈ కొసకెల్లి ఆ కొస దాంక చూసింది. గల్లీ అద్దంలెక్క మెరుస్తుంది. నా ఛాతీ ఉబ్బింది.

కంపెనీ ఆయన జాగలకు పోయి చుట్టూ తిరిగిండు. వాపస్ వచ్చి నా చెయ్యి పట్టుకొని ఊపిండు. "థాంక్యూ సార్! ఫొటోలల్ల చూసినప్పుడు గడ్డి, రాళ్ళు ఉండె. జేసీబీ పెట్టాలె అనుకున్నం. మీరే సాఫ్ చేయిచ్చిండ్రు! ఇంత సహకారం మాకు ఏ గల్లీల దొరకలె సార్."

నాకు నోట్ల తడి ఆరిపోయింది. ఇంక పూర్తిగ అర్థం గాలె.

మేడం అడిగింది. "పడుగులు ఎక్కడండి?"

"ఇయ్యాల బంద్ పెట్టిచ్చిన మేడం. మీరొస్తున్నరని."

"కట్టెలు?"

"దొడ్లె ఏయిచ్చిన."

"పడుగు కట్టేది బండ అన్నరు గదా, అదెక్కడ?"

నేను ముగ్గు దిక్కు చూపిచ్చిన. ఆమె ముగ్గు చూసింది. కళ్ళు మూసుకొని ఒక్కసారి ఊపిరి తీసుకున్నది. మా అమ్మ గట్ల ఊపిరి తీస్తే ఇంట్ల అందరం దాక్కుంటుంటిమి.

"చూడండి" అన్నది, కోపం లేకుండ. "నేను కంటితోని చూసింది రాస్త. చెవితోని విన్నది రాయలేను. నేను చూసింది ఖాళీ గల్లీ, ఖాళీ జాగ. ఇట్లనే రాస్తే పర్మిషన్ వస్తది. నాకు పదింటికి ఇంకో కాడ తనిఖీ ఉంది."

అయిపాయె! పదకొండు మగ్గాలు నా కండ్ల ముంగట తిరిగినయ్. గల్లీల ఆడోళ్ళు, మొగోళ్ళు అందరు గడపల కాడ నిలబడి నన్నే చూస్తున్నరు. ఎవ్వరు తిట్టలె. తిట్టినా బాగుండు. భూమి పగిలితే లోపలికి దుంకుదామనిపిచ్చింది. గని ఆ భూమిని గూడ నేనే గట్టిగ తొక్కించిన గదా!

అప్పుడొచ్చింది మా పెద్దమ్మ. కొంగు నడుముకు చెక్కి, చేతులు తుడుచుకుంట, నింపాదిగ నడుచుకుంట వచ్చింది.

"ఎంతసేపుంటవు బిడ్డా?" అని మేడంను అడిగింది.

"అర్ధగంట ఉంటనమ్మా."

"సాలు. కూసోకు, లేచి పక్కకు నిలబడు. కుర్చీలు అడ్డముంటయ్."

అని గల్లీ దిక్కు తిరిగి ఒక్క కేక. ఏం కేక అది! "పడుగు తీయుండ్రి!"

గల్లీ మొత్తం కదిలింది. ఎవ్వరికి ఏం పని అని చెప్పలె, ఎవ్వరు అడగలె. నలుగురు మా దొడ్లెకు ఉరికి కట్టెలు తెచ్చిండ్రు. ఇద్దరు నా షామియానా తాళ్ళు పీకిండ్రు. బట్ట నా నెత్తి మీదనే పడ్డది, పక్కకు తప్పుకొమ్మని గూడ ఎవ్వరు అన్లె. నేను దాని కిందికెల్లి బయటికొచ్చేసరికి పెద్దమ్మ ఇంట్లకెల్లి ఇద్దరు గంజి తొట్టి మోసుకొస్తున్నరు. ఆవిరి పోతుంది!

"పెద్దమ్మా, గంజి ఎప్పుడు కాచినవ్?" అన్న.

"పొద్దుగాల లేచి కాచిన."

"బంద్ అని చెప్పిన గదా!"

"నీ మీద నమ్మకముంటె గదరా!" అని ముందటికి పోయింది.

పోయి ఆ ముగ్గు నడుమ నిలబడ్డది. రెండడుగులు ఇటు, ఒకడుగు అటు. కాలి బొటనేలుతోని భూమిని ఒత్తింది. "ఈడ గెలుకు" అన్నది నాకు. ఇస్త్రీ అంగీతోనే మోకాళ్ళ మీద కూసొని చేతులతోని గెలికిన. పేడ, మన్ను, ముగ్గు పిండి, అన్నీ గోర్లల్లకు పోయినయ్. జానెడు పోయేసరికి బండ తగిలింది. నడుమ బొక్క. బొక్క అంచుకు తాడు రాసుకొని రాసుకొని రాయి అరిగి గాడి పడ్డది. నేను పుట్టినప్పటికెల్లి ఆ బండను చూస్తున్న గని, ఆ గాడిని ఆ దినమే చూసిన.

మేడం నా పక్కనే కూసొని ఆ గాడిల వేలు పెట్టింది. నున్నగున్నది. "ఇది ఎన్నేండ్లదమ్మా?" అన్నది.

"నేను కొత్త కోడలుగ వచ్చినప్పటికే గిట్లున్నది బిడ్డా. మా అత్త గూడ గిదే మాట అంటుండె."

మేడం ఫొటో తీసుకున్నది, పుస్తకంల రాసుకున్నది. ఈలోపల పడుగు ఉండ వచ్చింది. ఇప్పుకుంట, ఇప్పుకుంట కట్టెల మీదికెల్లి తెస్తున్నరు. తెల్లటి దారాలు, ఎన్ని వందలుంటయో, ఒక్కటి కూడ ఒకదానితో ఒకటి చిక్కుపడకుండ! గల్లీ మొదట్లకెల్లి మా ఇంటి ముంగటికి, ఆడికెల్లి గల్లీ కొసకు వచ్చింది. కొసకొచ్చినా పడుగు అయిపోలె. ఇంక పోయింది, జాగలకు పోయింది. కంపెనీ ఆయన ఇందాక జాగ చుట్టూ తిరిగినప్పుడే టవర్ కాళ్ళకని సున్నంతోని నాలుగు గుర్తులు పెట్టిండు. పడుగు సక్కగ ఆ నాలుగు గుర్తుల నడుమకెల్లి పోయి బండ కాడ ఆగింది. గీత గీసినట్టు!

గల్లీల ఒక్క చప్పుడు లేదు. కుంచెలు మాత్రం కదుల్తున్నయ్. పెద్దమ్మ పడుగు పొంటి నడుచుకుంట, ఎక్కడన్న దారం తెగితే రెండు వేళ్ళతోని పట్టి అట్ల మెలేసి అతికేస్తుంది, చూడకుండనే. మేడం నోరు తెరిచి చూస్తుంది. నేను గూడ. మా ఇంటి మనిషిని నలభై ఏండ్లు సక్కగ చూడలే నేను, మస్తు సిగ్గనిపిచ్చింది.

ఒక మనిషి తక్కువ పడ్డడు. కొస పట్టేటందుకు పెద్దమ్మ కంపెనీ ఆయనను పిలిచింది. "ఓ బిడ్డా, పుస్తకం ఆడ పెట్టి ఇది పట్టు." ఆయన ఫైలు పక్కకు పెట్టి పట్టిండు! మోచేతుల దాంక గంజి. పడుగు దిక్కు చూసిండు, సున్నం గుర్తుల దిక్కు చూసిండు, మెల్లగ అన్నడు. "మేడం, ఇది మా డ్రాయింగ్‌ల లేదు."

"అర్జీల కూడ లేదు" అన్నది మేడం, నా దిక్కు చూసి.

పెద్దమ్మ అక్కడితోని ఆగలె. "బిడ్డా, మాకు టవర్ వద్దని కాదు. నా మనుమరాలు నాగర్‌కర్నూల్ల నర్సింగ్ చదువుతది. దానితోని నాలుగు మాటలు మాట్లాడాలంటే డాబా మెట్లెక్కాలె, నా మోకాళ్ళు ఇనవు. టవర్ కావాలె. గని ఈడ వద్దు. కిష్టయ్యకు రాయచూరు రోడ్డు పక్క ఇంకో జాగున్నది, సుట్టూ ఇండ్లు లేవు, ఎవరి పనీ లేదు. వాడు మరిచిపోయిండేమో, నేను ఫోన్ చేసి చెప్త. ఆడ పెట్టుకోండ్రి."

నేను పన్నెండు పేజీలు రాసి ఊరంత టవరే వద్దన్న. ఆమె నాలుగు మాటలల్ల టవర్‌కు జాగ చూపిచ్చింది, కిష్టయ్యకు నష్టం లేకుండ చేసింది, మా పడుగును నిలబెట్టింది. గదీ తెలివి! నాకు బైండింగ్ ఒక్కటే వస్తది.

మేడం మొకం విచ్చుకున్నది. "ఈ జాగకు వద్దని నేను రాస్తనమ్మా. పడుగు ఎక్కడి నుంచి ఎక్కడి దాంక పోతదో కొలతలు ఏసుకుంట, కమిషనర్ సార్ అడుగుతరు. టేపు ఏదీ?"

ఆఫీసాయన టేపు ఇచ్చిండు. ఇగ మంచి పని ఒక్కటన్న చేద్దామని నేను ఉరికి పోయి అందుకున్న. చేతులకు పేడున్నది, జారింది. ఎక్కడ పడ్డది? గంజి తొట్లె! తీసేసరికి ఉండలెక్క అతుక్కపోయింది. గుంజితే బయటికి రాదు, వదిలితే లోపలికి పోదు. ఆఫీసాయన దాన్ని బతికిద్దామని నీళ్ళల్ల ముంచిండు, ఇంక గట్టిపడ్డది. మేడంకు టైమైంది. "కొలతలకు మల్ల ఒకసారి వస్త" అని స్కూటీ ఎక్కింది. పోంగ పోంగ పెద్దమ్మ ఫోన్ నంబర్ తీసుకున్నది. నాది అడగలె.

అంటే మా పని కొసకు వచ్చి ఆగింది, మల్ల నా చేతుల మీదనే. కొలతలు లేకుండ రాయడానికి లేదు, రాసే దాంక జాగ మాది కాదు. నాలుగు దినాలు గల్లీల ఎవ్వరు నాతోని సక్కగ మాట్లాడలె. సుజాత అన్నం పెట్టింది గని, మొకం చూడలె.

సోమవారం సాయంత్రం పెద్దమ్మ ఇంట్ల కూసున్న. ఆమె చేతులు రెండూ రంగు నీళ్ళల్ల ఉన్నయ్, దారం ముంచుతుంది. ఫోన్ మోగింది. "ఎవరో చూడురా" అన్నది. చెవికి పెట్టుకున్న.

"మాణెమ్మ గారూ, నేను ప్లానింగ్ ఆఫీసర్‌ను. రేపు పొద్దున కొలతలకు వస్తున్న. కంపెనీ ఆయన కూడ వస్తడు. ఎవరికీ చెప్పకండమ్మా, ఆ జిరాక్స్ సార్‌కైతే అస్సలు చెప్పకండి."

నేనేం చేయాలె చెప్పుండ్రి? గొంతు సన్నగ చేసి, "సరే బిడ్డా" అన్న.

"థాంక్స్ అమ్మా. జలుబు చేసినట్టుంది, మందేసుకోండి" అని పెట్టేసింది.

నేను ఉన్నది ఉన్నట్టు పెద్దమ్మకు చెప్పిన. ఆమె చేతులు రంగుల్నే ఉన్నయ్, భుజాలు మాత్రం కదుల్తున్నయ్. నవ్వుతుందని జరసేపటికి అర్థమైంది.

తెల్లారి మొదటి బస్సుకు వనపర్తి పోయిన. ఎవ్వరు పొమ్మన్లె, నేనే పోయిన. కిష్టయ్య హోటల్ల ఒక మూలకు కూసొని చాయ్ మీద చాయ్ తాగిన. ఎనిమిదిన్నరైంది, తొమ్మిదైంది. ఫోన్ బల్ల మీద పెట్టి దాన్నే చూస్తున్న. గా టైంల అన్నీ యాదికొచ్చినయ్. నాయిన యాదికొచ్చిండు, ఆ బండ గాడి యాదికొచ్చింది. టవర్ ఆడ్నే వస్తే పెద్దమ్మ మొకం ఎట్ల చూడాలె అనుకున్న. కండ్లల్ల నీళ్ళు గూడ తిరిగినయ్, కిష్టయ్య చూస్తడని అటు తిరిగి కూసున్న.

పదింటికి ఫోన్ మోగింది. పెద్దమ్మ.

"అయిపోయిందిరా! గల్లీ మొదట్లకెల్లి బండ దాంక కొలిచిండ్రు. ఈ జాగ వద్దని మేడం నా ముంగటనే రాసింది. ఆ కంపెనీ పిల్లగాడు గూడ రోడ్డు పక్క జాగకు దరఖాస్తు మార్చుకుంటనని సంతకం పెట్టిండు. జాగ మనదేరా!"

హోటల్ అని గూడ చూడకుండ ఎగిరి గంతేసిన. చాయ్ గ్లాసు కింద పడ్డది, కిష్టయ్య ఏందేంది అని ఉరికొచ్చిండు.

"పెద్దమ్మా, ఇప్పుడే బస్సెక్కుత! వస్తున్న!" అన్న.

"జర ఆగురా నాయినా" అన్నది, గొంతు తగ్గించి. "మేడం ఇంక స్కూటీ ఎక్కలె."